మామ్మ ఏరిన మడాకులు

నిన్న మా కాలేజీలో బోటనీ చదివే అమ్మాయి ఒకతి ప్లాస్టిక్ కవరు విప్పి, మడచెట్ల ఆకులు నా బల్ల మీద పోసింది. ఆకుల నిండా గోధుమరంగు మచ్చలు, మచ్చ చుట్టూ పసుపు అంచు. "ఫంగసే కదా మేడమ్?" అని అడిగింది. అవునన్నాను గాని, కవరులోంచి ఉప్పుబురద వాసన లేచేసరికి ఒక ఆకు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

మా ఊరు టెక్కలి దాటి సముద్రం వైపు, ఉప్పుటేటి ఒడ్డున ఉంది. ఇంటి వెనకంతా మడచెట్లే. బురదలోంచి మేకుల్లా పొడుచుకొచ్చిన వాటి వేళ్ల మధ్య మేం పిల్లలం పుల్లలతో పీతల్ని కదిపి పట్టుకొస్తే, మామ్మ, అంటే మా నాన్న తల్లి, చింతపండు వేసి పులుసు పెట్టి చోడి అంబలిలోకి ఇచ్చేది. వేసవిలో మడపూత మీద ముసిరిన తేనెటీగల రొద ఇంట్లోకి వినబడేది. తన చిన్నప్పటి తుఫానులో ఆ చెట్లు అడ్డం నిలబడబట్టే మా గుడిసెలు మిగిలాయని మామ్మ నమ్మకం. అంబలి తాగుతూ కూడా అటే చూసేది.

నేను ఆరో తరగతిలో ఉండగా, వానలు వదలకుండా పట్టిన ఏడు, ఆ చెట్ల ఆకులకు ఇలాంటి మచ్చలే లేచాయి. పండి రాలడం మొదలైంది. అమ్మవారు పోసిన పిల్లకు చేసినట్టే, మామ్మ వేపమండ పసుపునీళ్లలో ముంచి చెట్టు చెట్టుకీ చల్లింది. నాకు సిగ్గేసింది.

"అమ్మోరు కాదు మామ్మా, బూజు తెగులు. మా మేష్టారు సెప్పారు" అన్నాను.

"అయితే మందేటో కూడా ఆయన్నే అడిగి రా."

కూరపాదులకు చేసినట్టు, తెగులు ఆకులు ఏరి కాల్చేయమన్నారు మేష్టారు. గొప్పగా వచ్చి చెప్పాను. మామ్మ నా తల నిమిరి, "సూసావా, నీ సదువు సెట్టుకి పనికొచ్చింది" అంది.

మర్నాటి నుంచి పోటు తగ్గి ఏటి నీరు వెనక్కి తీసినప్పుడల్లా మోకాలి లోతు బురదలోకి దిగి, ఒడి నిండా ఆకులు కోసుకొచ్చి, మండని తడి ఆకుల ముందు దగ్గుతూ కూర్చునేది. వారం తిరక్కుండానే ఆల్చిప్ప దిగి అరికాలు చీలింది. పసుపు అద్దుకుని మళ్లీ దిగింది. నాన్న కోప్పడితే, "ఇంక నాలుగు సెట్లేరా" అంది. కాలు నల్లబడింది, జ్వరం ముంచేసింది. ఆసుపత్రికి ఆటోలో తీసుకెళ్తుంటే తల నా ఒళ్లో ఉంది. "ఆ సివరి సెట్టు మిగిలిపోనాదే" అంది. అదే ఆమె ఆఖరి మాట.

వానలు తగ్గాక చెట్లన్నీ చిగిర్చాయి, ఆమె ఏరినవీ, ఏరనివీ కూడా. అలాంటి మచ్చలు ముసురుతో వచ్చి, ముసురుతో పోతాయని, అంత మడలో చేత్తో ఆకులు ఏరితే ఒరిగేదేమీ లేదని నేను చాలా ఏళ్లకు, చదువులో తెలుసుకున్నాను. నాన్నకు మాత్రం చెప్పలేదు.

ఇప్పుడక్కడ మడ లేదు, పీతలు లేవు, తేనెటీగల రొద లేదు; అన్నీ రొయ్యల చెరువులే. మొన్న వెళ్లినప్పుడు నాన్న చెరువుగట్టు మీద నిలబడి, కాపలా మనిషికి చూపిస్తూ, "ఇక్కడే మా అమ్మ సెట్లని బతికించి పోనాది" అన్నాడు. ఔనా అన్నట్టు అతను నావైపు చూశాడు.

అవునన్నాను.