మా నాన్న పొటాషియం వైద్యం

నరాల కణాల్లో పొటాషియం బయటికి పోయే గేట్లుంటాయట. అవి సరిగా తెరుచుకోకపోతే కణం శాంతించదు, దాంతో ఫిట్స్ రావచ్చట. నర్సీపట్నానికి వారానికోసారి వచ్చే నరాల డాక్టరమ్మ ఇదంతా నా ఫిట్స్ మందుల చీటీ వెనక బొమ్మ గీసి మరీ చెప్పింది. ఆ గేట్లను తెరిచే కొత్త మందుల మీద ఇంకా పరీక్షలు జరుగుతున్నాయని, అందాకా రెండు పూటలా ఈ మాత్రలే దిక్కని అంది. నేను బుద్ధిగా తలూపాను. పక్కనున్న మా నాన్న చెవికి మాత్రం పొటాషియం ఒక్కటే ఎక్కింది.

ఆయన గొలుగొండలో చెరకు రైతు. పొటాష్ ఎరువు గురించి ఆయనకు చెప్పడానికి డాక్టరమ్మ ఎవరు?

"సెరుకు గాలికి పడిపోతంటే ఏటేస్తాం? పొటాష్ ఏస్తాం. నువ్వూ పడిపోతన్నావు గదా! బేగి తగ్గిపోద్ది సూడు" అన్నాడు, తిరుగు ఆటోలోనే.

ఆ రోజు నుంచి నన్ను పైరు కింద జమకట్టాడు. పొద్దున్న కొబ్బరినీళ్ళు, మధ్యాహ్నం అరటిపళ్ళు, సాయంత్రం మళ్ళీ అరటిపళ్ళు. యూరియా చల్లనందుకు సంతోషించాను. పది రోజులయ్యాక, "మందెక్కువైతే మాడిపోద్ది. సాయంత్రం మాత్ర మానీ" అన్నాడు.

మానేశాను. పెద్దాయన మాట కాదనలేక అనుకునేరు, అదేం కాదు. ఆ మాత్ర వేసుకుంటే మర్నాడు నేను పనిచేసే జిరాక్స్ షాపులో జనం ఆధార్ కార్డుల మీదే తల వాల్చి నిద్రపోయేదాన్ని. ఇంకోసారి నిద్రపోతే పనిలోకి రావద్దని ఓనరు చెప్పేశాడు.

వారం తిరక్కుండానే బస్టాండులో పడ్డాను. తెలివొచ్చేసరికి మోకాళ్ళు చెక్కుకుపోయి ఉన్నాయి. చేతిలో ఎవరివో బండి తాళాలు, ముక్కు దగ్గర ఉల్లిపాయ. చెప్పు వాసన కూడా చూపిద్దామని ఒక మహానుభావుడు వంగుతున్నాడు. ఆ భయానికే లేచి కూర్చున్నాను.

మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. "నీకు పొటాషియం తక్కువై కాదమ్మా ఈ ఫిట్స్! అరటిపండు తింటే ఆ గేట్లు తెరుచుకోవు. మాత్ర మానమని ఎవరన్నారు?" అని నా మీద విరుచుకుపడింది.

నాన్న లేచి నిలబడ్డాడు. ఎవరి దగ్గరా తగ్గని మనిషి, తువ్వాలు చేతుల్లో నలుపుతూ, "పిల్లనేటీ అనకండమ్మా. ఏసుకుంటానని గోలెట్టింది. నానే మాత్రలు దాసేసినాను" అన్నాడు.

అబద్ధం. మాత్రలు నా బ్యాగులోనే ఉన్నాయి. డాక్టరమ్మ నన్నొదిలేసి ఆయన్ని కడిగేసింది. ఆయన తలొంచుకుని అన్నీ పడ్డాడు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అయినా నిజం చెప్పలేదు.