కొండ మీద దండం

1967 వానాకాలంలో నన్ను కరీంనగర్‌కు బదిలీ చేశారు. హోదా లేడీ అసిస్టెంట్ సర్జన్, పని ఆడవాళ్ల వార్డు. ఉత్తర్వు చూసి మా ఇంట్లోవాళ్లు మొహాలు వేలాడేసుకున్నారు గానీ నాకు ఊరు నచ్చింది. నచ్చనిది ఒక్కటే, వార్డు కట్టుబాటు. మగవాళ్లు గడప దాటి లోపలికి రాకూడదు. భర్తలు వరండాలో బీడీలు కాలుస్తూ కూర్చునేవారు. లోపల భార్యలకు మేం చెప్పిన మాట వాళ్ల చెవిన పడేది కాదు.

రాజవ్వది జగిత్యాల వైపు పల్లె. నలభై దాటి ఉంటాయి. రాచపుండని హైదరాబాదులో రొమ్ము తీసేశారు. ఏడాది తిరక్కుండానే కోసిన చోట మళ్లీ గడ్డలు లేచాయి. అక్కడి పెద్ద డాక్టర్లు అప్పటికి కొత్తదైన ఒక మందు రాసి, వారం వారం మా దగ్గర వేయించుకొమ్మన్నారు. పెరట్లో పూసే బిళ్లగన్నేరు నుంచి తీసిన మందు అది. సరిగ్గా రక్తనాళంలోకే ఎక్కించాలి, చుక్క బయటికి జారినా చుట్టూ కండ కుళ్లిపోతుంది. అందుకని ఆ సూది నేనే వేసేదాన్ని. మంగళవారం ఆమె రోజు.

కొన్ని సూదులకే గడ్డలు మెత్తబడ్డాయి. దాంతోపాటే అరికాళ్లూ మొద్దుబారాయి. ఈ మందు నరాలను దెబ్బతీస్తుందనీ, కింద చూసుకుని నడవమనీ చెప్పాను. తలూపింది. ఇంట్లో మాత్రం చెప్పలేదు. రొమ్ము జబ్బు మాటే మగవాళ్ల ముందు ఎత్తని ఇల్లు, ఇక కాళ్ల సంగతి ఎవరికి చెబుతుంది!

ఒక మంగళవారం రాలేదు. ఆ పై వారమూ రాలేదు. నాకు ఒళ్లు మండింది. జగిత్యాల బస్సు కండక్టరుతో కబురంపితే ఆమె భర్త కొమురయ్య వచ్చాడు. వరండాలోనే నిలబడి, తువ్వాలు చేతుల్లో నలుపుతూ చెప్పాడు.

"దానికి గాలి సోకింది డాక్టరమ్మా. సూదికి వస్త వస్త కొండగట్టు కాడ దిగినం. అంజన్న ముంగట కండ్లు మూసి దండం పెట్టింది, గంతే, ఊగి ఊగి కింద వడ్డది. అందరు జూసిండ్రు. మండలం దినాలు కొండ మీదనే ఉంచుతం. సూదులు బంద్ జేసినం."

కళ్లు మూయించి నిలబెట్టడం మా వైద్యంలో ఒక పరీక్ష. పాదాలు నేల మీద ఎలా ఆనాయో నరాలు మెదడుకు చెప్పలేనప్పుడు, మనిషి కళ్లతో చూసుకుని నిలదొక్కుకుంటాడు. కళ్లు మూస్తే తూలిపోతాడు. దేవుడి ముందు రాజవ్వకు జరిగింది అచ్చం అదే. ఎంత చెప్పినా కొమురయ్యకు ఎక్కలేదు. "కండ్లు మూస్తే కాళ్లకేమైతదమ్మా?" అన్నాడు. అడిగినదాంట్లో తప్పేం లేదు.

ఆదివారం నేనే కొండెక్కాను. రాజవ్వ ఒక చేత్తో గోడ పట్టుకుని, పాదాల వంకే చూసుకుంటూ ప్రదక్షిణ చేస్తోంది. వెనకాల కొమురయ్య. నన్ను చూడగానే ఆమె భోరుమంది. "నాకు గాలి లేదు, ధూళి లేదమ్మా. ఎవ్వలు ఇంటలేరు," అంది. నాకూ కళ్లు తిప్పుకోవలసి వచ్చింది.

సంచిలోంచి ట్యూనింగ్ ఫోర్కు తీశాను. కొట్టి ఎముక మీద ఆనిస్తే జుమ్మనే ఉక్కు కడ్డీ అది. ముందు కొమురయ్య చీలమండ మీద పెట్టాను. ఉలిక్కిపడ్డాడు. తర్వాత ఆమె చీలమండ మీద పెట్టాను. ఏం లేదంది. మోకాలి మీద పెడితే, "ఆఁ, గుయ్యిమంటాంది," అంది. కొమురయ్య కడ్డీ అడిగి తీసుకుని, తానే మళ్లీ ఆమె చీలమండ మీద పెట్టి చూశాడు. తర్వాత బండ మీద కూలబడ్డాడు.

"సూదులు బంద్ జేస్తే కాళ్లు మల్ల వస్తయా?" అని అడిగాడు. మెల్లగా రావచ్చు, గడ్డలు మాత్రం అంతకంటే ముందే వస్తాయన్నాను. ఆమెను పక్కకు తీసుకెళ్లి చూస్తే అప్పటికే చర్మం చిట్లి రసి కారుతోంది. ఏం చేద్దామని ఆమెనే అడిగాను.

"పొలంల నాటెయ్య రాకున్న ఏం గాదు. ఒడ్డు మీద కూసోనన్న చూస్త. సూది ఎయ్యమ్మా," అంది.

మోతాదు తగ్గించి మళ్లీ మొదలుపెట్టాను. కొమురయ్య రెక్క పట్టుకుని తీసుకొచ్చేవాడు. ఆమె మళ్లీ పడలేదు. గడ్డలు మాత్రం ఈసారి లొంగలేదు. కొండ మీద పోయిన వారాల వల్లనా, రోగం తీరే అలాంటిదా అంటే ఈనాటికీ చెప్పలేను. ఎండలు ముదరకముందే పోయింది. ఆ కబురు చెప్పడానికి వచ్చిన కొమురయ్య అలవాటుగా వరండాలోనే ఆగిపోయాడు. లోపలికి పిలిచి, ఆమె పడుకునే మంచం మీద కూర్చోబెట్టాను. మగమనిషిని వార్డులోకి రానిచ్చానని సూపరింటెండెంటు గారు మెమో ఇచ్చారు. తీసుకున్నాను.

మందు గురించి రోగి ఒక్కదానికే చెబితే సగమే చెప్పినట్టని నాకు అక్కడ తెలిసింది. ఆ తర్వాత ఆ సూది మొదలుపెట్టిన ప్రతి మనిషి భర్తనో అన్ననో గడప దాటించి లోపలికి పిలిచాను. ముందు వాళ్ల చీలమండ మీదే కడ్డీ ఆనించేదాన్ని. అప్పుడు చెప్పేదాన్ని: ఈమె కాళ్లకు ఇది తెలియకుండా పోతుంది, కళ్లు మూసుకుని మొహం కడుక్కునేటప్పుడు గోడ పట్టుకోవాలి, దేవుడికి దండం కూర్చునే పెట్టాలి.