మా అత్త రంగు

మా మేనత్త పోయింది. పోయిన నెల ఓ పొద్దున్నే ముక్తేశ్వరం నుంచి ఫోనొచ్చింది. నిద్రలోనే గుండె ఆగిందట. యాభై ఏళ్లు కూడా నిండలేదు.

అత్త నలుపు. నేనూ అంతే. ఊళ్లో ఎవరైనా "అచ్చం మేనత్త పోలికేనండీ" అంటే నేను పొంగిపోయేదాన్ని, ఆవిడ ముఖం చిన్నబోయేది. తొంభైల్లో రంగుల టీవీ కొన్న కొత్తలో, తెల్లబడే క్రీము ప్రకటన రాగానే వంటింట్లోంచి పిండి చేతులతో వచ్చి నిలబడేది. అందులో నల్లపిల్ల ఓ మూల దిగులుగా కూర్చునేది, తెల్లబడగానే ఉద్యోగం వచ్చేసేది.

"చూసేవా, ఎలా మారిపోయిందో."

"ముందు నల్లరంగు పూసి తీస్తారత్తా."

"నీకేం తెలుసే, ఊరుకో" అని కసిరేది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా సెలవులకి వెళ్తే, బీరువాలో దాచుకున్న ట్యూబు తీసి నా బుగ్గలకి రాసింది. "నా రంగు నీకంటించేనే. నన్ను తిట్టుకోకు" అంది. నాకెంతో ఇష్టమైన ముఖం అది. దానికి ఆవిడ నన్ను క్షమాపణ అడిగింది.

గడప దాటితే చాలు, ముఖానికీ మెడకీ పౌడరు దట్టించేది. అత్త కన్నతల్లి, మా మామ్మ, ఆవిడ దగ్గరే ఉండేది. గుమ్మంలో ఆపి పైటకొంగుతో మెడ తుడిచేది. "పౌడరెక్కువైందే తల్లీ." ఎప్పుడూ అదే మాట. అత్త విసుక్కుంటూనే మెడ వంచేది.

పెద్దకర్మకి పటం కావాలన్నారు. అత్త ఫొటో అంటేనే పారిపోయేది. నేను చాటుగా తీసిన ఒక్కటే ఉంది. అరుగు మీద కొబ్బరి కోరుతూ, ముఖానికేమీ రాసుకోకుండా, నవ్వుతూ ఉంటుంది. అమలాపురంలో స్టూడియోకిచ్చాం. తీరా వెళ్తే పటంలో ఎవరో తెల్లటావిడ.

"కంప్యూటర్లో కాస్త తెలుపు చేసేనండి. అందరూ అలాగే అడుగుతారండి" అన్నాడు స్టూడియో ఆయన, నేను మెచ్చుకుంటానని చూస్తూ.

ఒళ్లు మండిపోయింది. పోట్లాడదామని నోరు తెరిచి ఆగిపోయాను. అత్తే ఉంటే ఆ పటం చూసుకుని మురిసిపోయేది. నా ఏడుపంతా అదే. డబ్బులిచ్చి తెచ్చేశాను.

పీట మీద పెట్టి దండ వేశాం. మామ్మని పట్టుకొచ్చి ఎదురుగా కూర్చోబెట్టాం. చాలాసేపు చూసింది. తర్వాత ముందుకి వంగి, పైటకొంగు తీసి, అద్దం మీద మెడ దగ్గర తుడవడం మొదలుపెట్టింది.

"పౌడరెక్కువైందే తల్లీ" అంది. తుడుస్తూనే ఉంది.