గాజు గ్లాసులో కట్ట నీళ్లు

నా చిన్నప్పుడు కామాటిపురలో మేం ఒక చాల్‌లో, ఇరుకు గదుల వరుసలున్న మేడలో ఉండేవాళ్లం. దాని వెనక ఒక పాత ఇల్లు పడగొట్టి వదిలేశారు. ఆ జాగా మా కింది గదులకన్నా ఎత్తు. వానలకు అక్కడ నిలిచిన నీళ్లు మా మీదికి రాకుండా చాల్ వాళ్లంతా కలిసి అడ్డంగా మట్టికట్ట వేశారు. దగ్గరుండి వేయించింది మా నాయనమ్మ. పాలమూరు నుంచి వచ్చిన మనిషి, వయసంతా డ్యాముల మీద మట్టి మోసింది.

కట్ట కిందనే పక్కింటి అక్క గది. అక్క పచ్చి బాలింత, ఒళ్లో పదిరోజుల బిడ్డ.

మూడు రోజుల ముసురుకు కట్ట అడుగున ఒకచోట నీరు ఊరింది. మగవాళ్లు బంకమట్టి తెచ్చి మూయబోతే నాయనమ్మ అడ్డం పడింది.

"ముయ్యకుర్రి! ఈడ మూస్తే ఇంకోకాడ పొడుస్తది. నీళ్లు పోతే పోనీ, మట్టి పోవద్దు."

"అవ్వా, నువ్వేమన్న ఇంజనీరువా?" అని ఒకాయన నవ్వాడు.

"ఇంజనీరు గొడుగు కింద ఉండె బిడ్డా. కట్ట మీద నేనే ఉంటి."

ఊట మీద ఇసుక, ఇసుక మీద కంకర పోయించింది. నీళ్లు వడగట్టినట్టు తేటగా వచ్చాయి. తర్వాత ఒక చాయ్ గ్లాసు నా చేతికిచ్చింది. గంట గంటకూ ఊట నీళ్లు పట్టి తెచ్చి చూపించాలి. తేటగా ఉంటే కట్ట బాగున్నట్టు. మసకబారితే లోపలి మట్టి కొట్టుకుపోతున్నట్టు.

పొద్దంతా తెచ్చాను. సాయంత్రం ఫాక్‌లాండ్ రోడ్డులో ఒక దుకాణం ముందు, అప్పుడే కొత్తగా వచ్చిన రంగుల టీవీ చూస్తూ నిలబడిపోయాను. తిరిగొచ్చి, కట్ట దాకా పోవడానికి బద్ధకమై, గిన్నెలు కడిగే మోరీ దగ్గరి నల్లా నీళ్ల డ్రమ్ములో గ్లాసు ముంచి తెచ్చాను. అది అబద్ధమే, దానికి ఇంకో పేరు లేదు.

నాయనమ్మ గ్లాసును వెలుతురుకు పట్టి చూసింది. తర్వాత వాసన చూసింది. ఊట నీళ్లు ఎంత తేటవైనా మట్టి వాసన పోదు, ఈ నీళ్లలో అది లేదు. నా మొహం వంక ఒక్కసారి చూసి, లేచి కట్ట వైపు ఉరికింది.

ఊట చాయ్ రంగుకు తిరిగి ఉంది. ఆమె కేకకు నలుగురు పరుగెత్తుకొచ్చి అక్కనూ బిడ్డనూ పైకి తీసుకుపోయారు. వాళ్లు మెట్లెక్కుతుండగానే కట్ట నడుమ తెగింది. అక్క గదిలో మోకాలి లోతు నీళ్లు. బిడ్డ పడుకున్న బొంత ఆ నీళ్లలో తేలుతుంటే చూశాను.

"నీళ్లు చూసే పని ఎవరిది?" అని అందరూ అడిగారు.

"నాదే. జర ఆలిశంగ చూసిన" అంది నాయనమ్మ.

మర్నాడు కట్ట మళ్లీ వేశారు. నేను గదిలో మూలన కూర్చున్నాను. నాయనమ్మ అదే గ్లాసు కడిగి నా చేతిలో పెట్టింది. "పోవే, నీళ్లు చూసి రా." అంతే. వానలు వెళ్లేదాకా నేను ఒక్క పూట తప్పలేదు.

అక్షరాలు నాకు పిల్లల పెళ్లిళ్లయ్యాక వచ్చాయి. చూడనిది చూశానని చెప్పకూడదన్నది మాత్రం ఆ రోజే వచ్చింది. ఇంకొకటి కూడా ఉంది. మా కోడలో మనవరాలో పని చెడగొట్టి తలొంచుకుని నిలబడితే నాకు కోపమొస్తుంది, దాచను. కానీ మర్నాడు ఆ పని మళ్లీ వాళ్ల చేతికే ఇస్తాను.