శుక్రవారం తూకం

కరోనా మాస్కులు ముక్కు మీంచి గడ్డం కిందికి దిగిన ఏడాది, జూన్‌లో, ఉత్తర చెన్నైలోని ఒక ప్రభుత్వాసుపత్రిలో కౌమార క్లినిక్‌కు నన్ను డైటీషియన్‌గా వేశారు. అంతకుముందు నాది అదే ఆసుపత్రి వంటశాల. రోగులకు పోసే సాంబారు ఎంత పలచగా ఉండొచ్చో తేల్చే ఉద్యోగం. ఆ సాంబారును మంచినీళ్లనుకుని మాత్ర వేసుకున్నవాళ్లను నా కళ్లతో చూశాను. నేను చెప్పేవాటిలో సగం కొట్టేసి వినమని మా ఆయన అందరికీ చెబుతుంటాడు. సాంబారు సంగతి అలాగే వినండి. ఇకమీద చెప్పేది మాత్రం కొట్టేయడానికి లేదు.

క్లినిక్ ప్రతి శుక్రవారం మధ్యాహ్నం, ఓపీ భవనంలో ఒక గదిలో. ఒక సైకియాట్రీ డాక్టరు, ఒక స్టాఫ్ నర్సు, నేను. తిండి మానేసిన పిల్లలు, తిన్నది చాటుగా కక్కేసే పిల్లలు వచ్చేవాళ్లు. ఇది డబ్బున్న ఇళ్ల జబ్బని నేను అనుకునేదాన్ని. మొదటి నెలలోనే ఆటో నడిపేవాళ్ల పిల్లలూ, చేపలమ్ముకునేవాళ్ల పిల్లలూ వచ్చి ఆ అపోహ తీర్చారు.

తూకానికి ఒక పద్ధతి ఉంది. ముందు బాత్‌రూముకు పంపాలి, ఎందుకంటే కొందరు కడుపునిండా నీళ్లు తాగి వస్తారు. చెప్పులు, నగలు తీయించాలి. మిషను అంకెలు కనబడకుండా వీపు తిప్పి నిలబెట్టాలి. ఆ అంకె తెలిస్తే పిల్ల వారమంతా దాన్నే తలుచుకుంటూ కూర్చుంటుంది.

హరిణి జార్జి టౌన్‌లో పసుపు, కుంకుమ టోకున అమ్మే పాతకాలపు తెలుగువాళ్ల పిల్ల. ప్లస్ వన్, అంటే పదకొండో తరగతి, చదువుతోంది. డాక్టరు రాసిన జబ్బు పేరు అనొరెక్సియా. ఆకలి లేకపోవడం కాదది, లావైపోతానన్న భయంతో ఆకలిని తొక్కిపట్టడం. వెంట నాయనమ్మ రత్నమ్మ వచ్చేది. నర్సు నగలు తీయమనగానే ఆమె అడ్డుపడింది.

"శుక్రవారం పూట ఆడబిడ్డ ఒంటిమీద బంగారం తియ్యకూడదుమా. మా ఇంట్లో ఆ పళక్కం లేదు."

డాక్టరు సరే ఉండనీయమన్నారు. ప్రతి వారం అవే నగలుంటే చాలు, మనకు కావలసింది వారానికీ వారానికీ తేడాయే కదా అన్నారు. సబబుగానే తోచింది. హరిణి కిటికీలోంచి బయటికి చూస్తోంది, ఈ మాటలేవీ పట్టనట్టు.

అప్పట్నుంచి మెడలో గొలుసు, చేతులకు గాజులు అవేనా కాదా అని నర్సు ప్రతి వారం సరిచూసేది. అవే. బరువు మాత్రం వారంవారం కొద్దికొద్దిగా పెరుగుతోంది. నేను రాసిచ్చిన పెసరకట్టు మహిమ అనుకుని, దాని మీద ఒక ఉపన్యాసం కూడా మనసులో తయారుచేసుకున్నాను. అయితే ఒకటి వింతగా ఉండేది. బరువు పెరిగే పిల్లకు బుగ్గలెందుకు లోపలికి పోతాయి? వేళ్లెందుకు చల్లబడతాయి?

ఒక శుక్రవారం డాక్టరు ఆమె నాడి చూశారు. యాభైకి దిగువ ఉంది. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి రక్తపోటు చూస్తే, నిలబడగానే పడిపోయింది. పిల్ల బల్ల అంచు పట్టుకుంది. ఈరోజే వార్డులో చేర్చాలి, ఇంటికి పంపితే గుండె ఎప్పుడైనా ఆగవచ్చు అన్నారు డాక్టరు. మైనరు కాబట్టి తండ్రి సంతకం కావాలి. ఫోన్ చేస్తే ఆయన అడిగింది ఒకటే.

"బరువు పెరగతా ఉండాదని మీరే కదండీ చెప్పినారు. పెరిగే పిల్లను ఏంటికి చేర్చాల?"

డాక్టరు మంచం కోసం వార్డుకు ఫోన్ చేస్తుంటే, నేను వరండాలోకి వచ్చి రత్నమ్మ పక్కన కూర్చున్నాను. ఇంట్లో పాప ఎలా ఉంటోందని అడిగాను.

"ఇప్పుడు బాగుండాదిమా. ముందు నగలంటేనే మొహం తిప్పుకునేది. ఇప్పుడు ప్రతి శుక్రవారం, అవ్వా, బీరువాలోంచి ఇంకోటి తియ్యి అని తనే అడగతాది. ఈరోజు మా అత్తగారి వెండి వడ్డాణం కట్టుకోనుండాది, పావడ లోపల."

"లోపలెందుకు?"

"బయటికి కనబడితే ఈడ దిష్టి తగలతాదంట. కాళ్లకు మా అమ్మ కడియాలు కూడా ఉండాయి. గుండ్లు పోసినవి, మంచి బరువు. చప్పుడవతాదని గుడ్డ చుట్టుకోనుండాది."

కథలు అల్లడంలో నాకూ కొంత పేరుంది. ఇంత పొందికగా అల్లడం మాత్రం నా వల్ల అయ్యేది కాదు. లోపల వచ్చిన మెచ్చుకోలును మింగేసి, ఆ వెండి ఏం చేస్తోందో, పిల్ల గుండె ఎలా ఉందో రత్నమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె లేచి లోపలికి వెళ్లింది.

"కడియాలు తియ్యి, కణ్ణు."

"ఈరోజు శుక్రవారం అవ్వా. నువ్వే కదా తియ్యకూడదన్నావు."

"అన్నాన్లే. ఇప్పుడు తియ్యమంటా ఉండా."

హరిణి కదల్లేదు. రత్నమ్మే నేల మీద కూర్చుని గుడ్డ విప్పసాగింది.

"ఇంక అందరూ నన్ను తినమంటారు," అంది హరిణి.

"అంటాం. అన్నందుకు నన్ను తిట్టుకో. తిట్టేదానికైనా ఒంట్లో ఓపిక గావాల గదా."

కడియాలు, వడ్డాణం, గొలుసు, గాజులు అన్నీ తీసి తూస్తే, మొదటి వారం నగలతో తూగినదానికంటే చాలా తగ్గింది, అంత తేడా గొలుసూ గాజులకు ఉండదు. రత్నమ్మ ఫోన్ తీసుకుని కొడుకుతో, సంతకానికి వస్తావా, నన్నే వేలిముద్ర వెయ్యమంటావా అని అడిగింది. ఆయన ఆటోలో వచ్చి సంతకం చేశాడు.

ఇలాంటి పిల్లలకు ఒక్కసారిగా తినిపించకూడదు. రక్తంలో లవణాలు తారుమారై గుండెకే ముప్పు వస్తుంది. రోజూ రక్తం పరీక్ష చేయిస్తూ, కొంచెం గంజి, కొంచెం పాలతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచాను. హరిణి కోలుకోవడానికి చాలాకాలం పట్టింది. మధ్యలో ఒకసారి మళ్లీ దిగజారింది, మళ్లీ చేర్చాం. ప్లస్ టూ ఒక ఏడాది ఆలస్యంగా రాసింది.

ఆ తర్వాత మా క్లినిక్‌లో ముందు నాడి, తర్వాత రక్తపోటు, అన్నిటికన్నా చివర తూకం అన్న వరస ఏర్పడింది. ఎవరింటి పద్ధతి ఎలా ఉన్నా ఆసుపత్రి గౌనుతోనే తూచాలన్న నియమమూ వచ్చింది. నేను నేర్చుకున్నది ఇంకొకటి ఉంది. ఈ జబ్బున్న పిల్ల మనల్ని మోసం చేస్తున్నట్టు కనబడుతుంది. నిజానికి తినిపిస్తారేమోనని భయపడుతూ ఉంటుంది. ఎంత తెలివిగా దాచిందో, భయం అంత ముదిరిందని లెక్క. అలాంటి పిల్లను మందలించడానికి కూర్చోకూడదు. ముందు వార్డులో మంచం చూడాలి.