ఉద్దనపల్లి హద్దురాయి

తొమ్మిదేళ్ల కిందట, ఉద్దనపల్లి రాయి మీద రాసిన నా వ్యాసాన్ని ఒక భూగర్భశాస్త్ర పత్రికవాళ్లు తిప్పి పంపారు. పరిశీలకుడెవరో తన పేరు చెప్పకుండా ఒకే ఒక్క ప్రశ్న రాశాడు: "ఈ రాయి నేలలోంచి పుట్టిందా, నేలలో పాతిందా?" ముప్పై ఏళ్లు కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పినవాణ్ణి అడగవలసిన ప్రశ్నేనా ఇది? ఆ కాగితం ఇప్పటికీ నా సంచిలో ఉంది. అదే రాయి నుంచి మరో ముక్క కొట్టి తెచ్చి, పరీక్ష చేయించి, ఆయన నోరు మూయించాలని మొన్న ఫిబ్రవరిలో మత్తిగిరిలోని మా ఇంటినుంచి బయల్దేరాను.

హోసూరు స్టేషను దగ్గర ఇడ్లీ తిన్నాను. రెండోసారి చట్నీ అడిగినందుకు ఎప్పుడో ముఖం తిప్పుకున్న హోటలు ఒకటుంది. దాన్ని దాటి, పొద్దుటి చలిలో ఇంకో వంద అడుగులు నడిచి మరీ తిన్నాను. ఏడున్నర దాటాక రైలు కదిలింది. నా సంచిలోంచి తొంగిచూస్తున్న సుత్తిని ఎదుటి సీటాయన చాలాసేపు చూశాడు.

"యాడికి సార్, సుత్తి ఎత్తుకొని?"

"రాయి చూడటానికి."

"దానికి రైలెక్కల్నా? మా వీదికి రాండి, రోడ్డంతా రాళ్లే."

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు.

కిటికీలోంచి పొలాల మధ్య నల్లటి గుండ్లు, కూలిన గోడల్లా, వరసగా కనిపించాయి. రెండు వందల కోట్ల ఏళ్లకు మునుపు భూమి లోతుల్లో కరిగిన రాతిద్రవం, పాత రాతిలోని చీలికల గుండా ఎగదన్నుకొచ్చి గడ్డకట్టింది. వీటిని డైకులంటాం. ఒక డైకును పొడవునా ఎక్కడ కొట్టి చూసినా టైటానియం, జిర్కోనియం వంటి మూలకాల పాళ్లు దాదాపు ఒకటిగానే ఉంటాయి. నా ముక్కలో అవి పక్క గుండ్లతో కలవలేదు. కాబట్టి ఉద్దనపల్లి దగ్గర అదే చీలికలోకి రెండోసారి, వేరే ద్రవం వచ్చిందని రాశాను. నా ఉద్యోగ జీవితం మొత్తంలో నేను సొంతంగా చెప్పిన మాట అదొక్కటే.

రాయకోటలో దిగి బస్సు పట్టుకుని, పదింటికి ఉద్దనపల్లి చేరాను. టమాటా మళ్ల పక్కగా నడిచి, గుండ్ల వరస చివర సగం నేలలో ఉన్న నా రాయిని గుర్తుపట్టి సుత్తి తీశాను.

"ఆగప్పా! మళ్లా వచ్చినావా, రాళ్ల దొంగా?"

ఆ పొలం యజమాని నారాయణమ్మ. తొమ్మిదేళ్ల కిందట కూడా ఇదే మాట అంది. నేను మరిచిపోలేదు. ఆమె కూడా మరిచిపోలేదని అప్పుడు తెలిసింది.

"దొంగ అనొద్దమ్మా. ఈ రాయి భూమిలోంచి పుట్టింది. అది ఎవరి సొత్తూ కాదు."

"పుట్టిందా! మా ఆయన పాతినాడప్పా దీన్ని. క్రిష్ణగిరి కాడ క్వారీలో పనిచేస్తా, లారీలో ఏసుకొచ్చినాడు. మా మరిది ఏడాదికింత గట్టు జరుపుతా ఉంటే, ఈ గుండ్ల వరసకి సరింగా నాలుగడుగులు తవ్వి నిలబెట్టినాడు. ఆయన పోయినాక మాకు హద్దు ఇదే. దాని మూల పగలగొట్టి పోయినావే, ఆ ముక్క యాడ?"

సుత్తి కింద పెట్టాను. గట్టు మీదే కూర్చున్నాను. పరీక్షకు పోగా మిగిలిన ముక్క సంచిలోనే ఉంది. తీసి ఇచ్చాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి, విరిగిన మూలకు ఆనించింది. ఒకపక్క చిన్న సందు మిగిలింది, తక్కినదంతా సరిగ్గా కూర్చుంది.

"ఇంక అతుక్కోదు గదప్పా," అంది నెమ్మదిగా.

క్షమించమని అడిగాను. ఆమె చెంబుతో మజ్జిగ తెచ్చింది, క్వారీకి దారి చెప్పింది. ముక్కను ఆమె దగ్గరే వదిలేశాను.

రాయకోట మీదుగా కృష్ణగిరి చేరేసరికి ఒంటిగంట. భోజనం చేసి ఆటోలో క్వారీకి వెళ్లాను. కాపలా ఆయన మొదట ఒప్పుకోలేదు. నారాయణమ్మ భర్త పేరు చెప్పాక గేటు తీశాడు.

"మంచోడప్పా. ఈ చుక్కల రాయంటే ఆయనకి పానం."

భూతద్దం పెట్టి చూశాను. నల్లటి గోడ నిండా బియ్యపు గింజల్లాంటి తెల్లని చుక్కలు. తొమ్మిదేళ్లు సంచిలో మోసిన ముక్కలోనూ ఇవే. ఉద్దనపల్లి గుండ్లలో ఇవి ఒక్కటీ లేవు. పరీక్ష ఇంకా జరగాలి, కానీ నా కళ్లకు సందేహం లేదు. వేరే ద్రవం ఉందన్న నా మాట నిజం. అది ఉద్దనపల్లిలో పైకొచ్చిందన్నది మాత్రం తప్పు. అనుమతి తీసుకుని ఒక ముక్క కొట్టుకున్నాను. ఈ దారిన రాళ్లు చూడబోయేవాళ్లు నీళ్లు, టోపీ తీసుకెళ్లండి. సుత్తి ఎత్తే ముందు పొలంవాళ్లను అడగండి.

అయిదింటికి హోసూరు బస్సెక్కాను. దారి పొడవునా ఒక్కో నల్లరాయిని చూసి, ఇది పుట్టిందా, పాతిందా అని నన్ను నేనే అడుగుతూ వచ్చాను. శూలగిరి దాటాక ఆ పాత కాగితం తీసి, ప్రశ్న కింద జవాబు రాశాను: "పాతింది. పాతినవారు నారాయణమ్మగారి భర్త."

కాసేపాగి మరో వాక్యం చేర్చాను: "తమరు కొంచెం మర్యాదగా అడిగి ఉంటే, తొమ్మిదేళ్ల కిందటే వెళ్లి చూసి వచ్చేవాణ్ణి."