నొప్పికి పెట్టుకోని మాట

లిఫ్టు నడిపే ఆయన స్టూలు మీద కూర్చుని, మీటలు నొక్కే వేలితోనే తొడ మీద ఏవో రాసుకుంటూ ఉంటాడు. "ఎవరికి గురూగారూ ఆ ఉత్తరం?" అని ఎక్కేవాళ్లు వేళాకోళం చేస్తే, "మా ఆవిడకి" అంటాడు. రాసేది ఇరవై ఏళ్లుగా ఆలుమగలు సరదాకి కల్పించుకుంటూ వచ్చిన భాషలో. పిట్ట కిరు, పిట్టలు కిరుకిరు. మబ్బు లోమ, మబ్బులు లోమలోమ. ఒకటి కంటే ఎక్కువుంటే రెండుసార్లు అనడమే. ఇద్దరూ ఒప్పుకున్న మాటే నోటుబుక్కులోకి ఎక్కాలి. ఒకసారి ఆయన నొప్పికి మాట పెడదామంటే, "ఏడుపుగొట్టు సంగతులకి తెలుగు చాలదూ? మన పుస్తకంలో వద్దు" అని ఆమె కొట్టేసింది.

పక్షవాతం వచ్చాక ఆమె నోట తెలుగు పోయింది. మాటలు నేర్పే డాక్టరమ్మ పిట్టల బొమ్మ చూపిస్తే "కిరుకిరు" అంది. "అన్నదే అంటున్నారు" అంటూ డాక్టరమ్మ ఫైల్లో తప్పు గుర్తు పెట్టింది. "సరిగ్గానే చెప్పిందమ్మా. పిట్టలంటోంది" అన్నాడాయన. "మీ బాధ నాకర్థమవుతుంది బాబాయ్‌గారూ" అని ఆమె జాలిగా ఫైలు మూసేసింది. ఇంటికొచ్చాక భార్య మంచం మీద ఒరిగి, ఆడే చేత్తో తల పట్టుకుని ఆయన వైపు చూసింది. "ఏమైందే, చెప్పు" అన్నాడు. పెదవులు మాట కోసం చాలాసేపు తడుముకున్నాయి. చివరికి దొరికిందే చెప్పింది: "లోమలోమ." కిటికీలోంచి చూస్తే ఆకాశంలో మబ్బు తునకైనా లేదు. ఆయన పక్కన కూర్చుని ఆమె కణతలు నొక్కసాగాడు.